కిందికి పెరిగే అక్షం

మా ముత్తాత ఏడు ఊళ్లకు మునసబు. ఆయన సంతకం లేనిదే ఆ ఏడూళ్లలో పొలం గట్టు మారేది కాదు. ఆయన పెద్దకొడుకు కడపలో వకీలు. చిన్నకొడుకు, అంటే మా తాత, తాలూకా బోర్డులో కూర్చున్నవాడు. జమాబందీకి, అంటే శిస్తు లెక్కల తనిఖీకి, వచ్చిన కలెక్టరుకు మా ఇంట్లోనే విడిది. మా నాయన సమితి ప్రెసిడెంటుగా ఒకసారి గెలిచి, తర్వాత నిలబడిన ప్రతిసారీ ఓడిపోయాడు. ఆస్తిని ఎన్నికలు కొంత తిన్నాయి, దాయాదుల వ్యాజ్యాలు కొంత తిన్నాయి, మిగిలినదాన్ని వానలు రాని ఏళ్లు తిన్నాయి. నా చేతికి వచ్చేసరికి వేంపల్లెకు దగ్గరలో ఒక పాత ఇల్లు, నీళ్లు లేని కొంత చేను, కుర్చీలో వెన్ను ఆనించకుండా కూర్చునే అలవాటు మిగిలాయి.

జాలి కోసం ఇది రాయడం లేదు. నేను లెక్కల అధ్యాపకుణ్ణి. నా సంతకంతో ఏ గట్టూ మారదు. కానీ నా తరగతిలో రెండేళ్లు కూర్చున్న పిల్లలకు సమతలం అంటే ఏమిటో తెలుసు. సూత్రం కాదు, సమతలం తెలుసు. మా వంశంలో మరెవరూ చేయని పని అది, నేను చేశాను.

కర్నూలులో ఎమ్మెస్సీ ముగించి మొదట పత్తికొండలో ఉద్యోగంలో చేరాను. ఇంటరు మొదటి సంవత్సరం పిల్లలకు త్రిమితీయ జ్యామితి చెప్పాలి. నల్లబోర్డు చదునైనది. దాని మీద మూడు అక్షాలు వేయాలంటే ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా వేసి, మూడోదాన్ని ఏటవాలుగా వేయాలి. అది మన వైపుకు వస్తోందని నోటితో చెప్పాలి. నేనూ అలాగే చెప్పాను. సంవత్సరం చివర చూస్తే సగం మంది పిల్లలు మూడో అక్షం నిజంగానే ఏటవాలుగా ఉంటుందని నమ్ముతున్నారు. మార్కులు బాగానే వచ్చాయి. ఆ మార్కులు చూసి నాకు ఒళ్లు మండింది.

మరుసటి ఏడాది ఒక ల్యాప్‌టాప్ కొన్నాను. త్రిమితీయ గ్రాఫులు గీసే సాఫ్ట్‌వేరు ఉచితంగానే దొరుకుతుంది. ప్రొజెక్టరు లేదు కాబట్టి పిల్లలు వంతుల వారీగా నా బల్ల చుట్టూ చేరేవాళ్లు. కిటికీ అవతల టమాట మార్కెట్టు వేలంపాట వినిపిస్తూ ఉండేది. సరళరేఖకు పరామితీయ సమీకరణం ఇచ్చి, పరామితి t కి ఒక స్లైడరు పెట్టాను. స్లైడరును వేలితో జరిపితే చుక్క కదులుతుంది, ఆ చుక్క నడిచిన దారే రేఖ.

"సార్, t ని ఇంగా జరిపితే అది యాడికి పోతాది?" అని ఒక పిల్ల అడిగింది.

"నువ్వు జరిపినంత దూరం పోతుంది."

"పత్తికొండ దాటి పోతాదా?"

"ఆదోని కూడా దాటిపోతుంది."

ఆ తర్వాత రెండో పరామితి s పెట్టాను. s ని జరిపితే రేఖ మొత్తం పక్కకు జరిగింది. జరిగిన దారంతా పరుచుకుని సమతలమైంది. మౌసుతో దాన్ని తిప్పి అన్ని వైపుల నుంచీ చూపించాను. పక్క నుంచి చూస్తే సమతలం ఒక గీతలాగా సన్నగా అయిపోయినప్పుడు బల్ల చుట్టూ ఒక్కసారిగా "ఓయప్పా" అన్నారు. ఆ అరుపు విన్నాక నేను మళ్లీ సుద్దముక్కతో మూడో అక్షం గీయలేదు.

కొన్నేళ్లకు వేంపల్లెలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీకి మారాను. అక్కడ కంప్యూటర్లున్న ల్యాబు ఉంది, ప్రొజెక్టరు ఉంది. కాలేజీ కరస్పాండెంటుకు నాపరాళ్ల పాలిషింగు ఫ్యాక్టరీ ఉంది. వాళ్ల నాయన మా పొలంలో రాయి తవ్వుకోవడానికి మా తాత దగ్గర అనుమతి అడిగి వెళ్లినవాడు. ఆ సంగతి ఆయనా మరిచిపోలేదు, నేనూ మరిచిపోలేదు. ఇద్దరమూ ఎప్పుడూ ఎత్తలేదు. వారానికి రెండు పీరియడ్లు ల్యాబులో తీసుకుంటానని అడిగితే సరేనన్నాడు. అర్ధసంవత్సరం పరీక్షలయ్యాక ఒకరోజు నన్ను తన గదికి పిలిపించాడు.

"కూర్చోండి సారూ. మీరు పెద్దింటోళ్లు, మీకు చెప్పేంత వాణ్ణి కాను. కానీ మీరు ల్యాబులోన పిల్లోళ్లకు సినిమా చూపిస్తాండారని అంటాండారు."

"ఎవరంటాండారు?"

"పేర్లెందుకులే సారూ. ఫిజిక్సాయన మాత్రం అన్లేదు" అని నవ్వాడు. అన్నది ఫిజిక్సాయనేనని అర్థమైంది.

"అది సినిమా కాదు. సిలబస్సే."

"సిలబస్సయితే పుస్తకంలోనే ఉంటాది గదప్పా. గోడ మీద రంగులేసి తిప్పేదెందుకు? కడప నుంచి కోచింగోళ్లు వస్తామంటాండారు. వాళ్లకు ల్యాబు కావల్లంట, రోజంతా ఆన్‌లైను పరీక్షలు పెట్టల్లంట. మీ రెండు పీరియడ్లకు నేనెట్ల అడ్డం చెప్పేది వాళ్లకు?"

బతిమాలితే వినే మనిషే ఆయన. కానీ నాకు బతిమాలడం రాదు. ఆయనే మళ్లీ అందుకున్నాడు.

"సరే, ఒక పని చేద్దాం. వచ్చే నెల తల్లిదండ్రుల మీటింగు ఉండాది. ఆడ చూపియ్యండి. 'ఇది మా పిల్లోళ్లకు కావల్ల' అని వాళ్ల నోటితో వాళ్లంటే రూము మీదే. నోరు తెరవకుండా టీ తాగి పోతిరా, రూము కోచింగోళ్లది. నా మాట మాటే."

"సరే" అని లేచాను. తలుపు దాటాకగానీ నేను దేనికి ఒప్పుకున్నానో పూర్తిగా తెలిసిరాలేదు. ఆ రెండు పీరియడ్లు పోతే నేను మళ్లీ సుద్దముక్కకు రావాలి. ఎవరి సంతకమూ, ఎవరి సిఫారసూ లేకుండా నేను సంపాదించుకున్నదల్లా ఆ గదిలోనే ఉంది.

మీటింగులో ఏం చూపించాలో మొదట తెలియలేదు. గంట ఆకారం, జీను ఆకారం, నడుమ బొక్క ఉన్న వడ ఆకారం అన్నీ నా దగ్గర ఉన్నాయి. కంటికి ఇంపుగా ఉంటాయి. వాటిని చూపిస్తే కరస్పాండెంటు చెప్పిన సినిమా మాటే నిజమవుతుంది. ఆ ఆలోచనలో ఉండగానే ఒకరోజు తరగతిలో సర్పిలం చెప్పాల్సి వచ్చింది. x కి cos t, y కి sin t, z కి t. చుట్టూ తిరుగుతూ నిలువుగా పోయే వక్రం. తెర మీద చూపించే ముందు కాగితం మీద చేత్తో గీయమనడం నా పద్ధతి. తప్పయినా సరే, ముందు తన మనసులో ఉన్న బొమ్మ ఏమిటో ఎవరికి వారు చూసుకోవాలి.

బెంచీల మధ్య నడుస్తూ కాగితాలు చూశాను. దాదాపు అందరూ కిందికి గీశారు. కాగితం పైన మొదలుపెట్టి, మరమేకులాగా తిప్పుకుంటూ అడుగుకు దించారు. పైకి గీసినవాళ్లు ఇద్దరో ముగ్గురో. వాళ్లు పులివెందులలో మేడ ఇళ్లలో పెరిగినవాళ్లు.

"t పెరిగితే z ఏమవుతుంది?" అని అడిగాను.

"పెరుగుతాది సార్" అని అందరూ అన్నారు.

"మరి కిందికెందుకు పోయింది?"

నా ప్రశ్న వాళ్లకు అర్థం కాలేదు. నాకేదో అయిందన్నట్టు చూశారు. ముందు బెంచీలో కూర్చునే ఒక అమ్మాయి లేచి నిలబడింది. వాళ్లమ్మ సొంత చేను కొంత చేసుకుంటుంది, వాళ్ల ఊరి చర్చిలో ఆదివారం పాటలు ఎత్తుకునేది కూడా ఆమే.

"పెరిగితే కిందికే గద సార్ పొయ్యేది? నూరు, రెన్నూరు, ఆర్నూరు, అంతా కిందికే. మా ఊర్లో ఎవుర్ని అడిగినా అంతే."

"పైకి పొయ్యేది టమాట రేటొకటే సార్" అని వెనక బెంచీ నుంచి ఒకడన్నాడు, "అది గూడా మన దగ్గర కాయ లేనప్పుడు."

తరగతంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు, ఆలోచన వచ్చింది. ఆ అమ్మాయి చెప్పింది బోరుబావి లెక్క. మా వైపు ఎత్తు గురించి మాట్లాడుకునేవాళ్లు లేరు. ఇల్లు ఎన్ని అంతస్తులని ఎవరూ అడగరు. బోరు ఎన్ని అడుగులని అడుగుతారు. పెళ్లి సంబంధంలోనూ అడుగుతారు, బస్సులో పక్క సీటువాణ్ణి కూడా అడుగుతారు. తుమ్మలపల్లె యురేనియం గనికి పనికి పోయేవాళ్ల పిల్లలు నా తరగతిలో ఉన్నారు. వాళ్ల ఇళ్లలోనూ దినం మొదలయ్యేది కిందికి దిగడంతోనే. ఈ పిల్లలు పుట్టినప్పటి నుంచి విన్న అంకెలన్నీ భూమిలోకి దిగుతూ పెరిగినవే.

పుస్తకం ప్రకారం అవన్నీ తప్పులు. ఎర్రసిరాతో కొట్టేసి పోవచ్చు. నేను తెర మీద మొదట పైకి పోయే సర్పిలం చూపించి, తర్వాత z అక్షాన్ని తలకిందులు చేశాను. అక్షం ఎటు పెరగాలో ముందే చెప్పుకుంటే లెక్క ఎటైనా నడుస్తుంది. సర్పిలం వాళ్లు గీసినట్టే కిందికి దిగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ అమ్మాయి మాత్రం కొట్టలేదు. తెర వైపు చూస్తూ ఉండిపోయింది.

"సార్, ఇది అద్దంలో చూసినట్ల ఉండాది. ఇందాకటిది ఒక పక్కకు తిరిగింటే, ఇది ఇంగో పక్కకు తిరుగుతాంది."

నిజమే. ఒక్క అక్షాన్ని తిప్పేస్తే సర్పిలం కుడిచేతి వాటం పోయి ఎడమచేతి వాటం వస్తుంది. దాన్ని సరిచేయాలంటే x, y ల చోట్లు కూడా మార్చుకోవాలి. ఈ సంగతిని పీజీ చదివే పిల్లలకు నేర్పడానికి కర్నూలులో మా ప్రొఫెసరు ఎంత అవస్థ పడ్డాడో నాకు గుర్తుంది. ఇక్కడ పదహారేళ్ల పిల్ల కంటితో చూసి చెప్పింది. ఆరోజు నుంచి మా ల్యాబులో ఒక కట్టుబాటు పెట్టాను. ఏ లెక్కకైనా మొదటి పంక్తిలో z ఎటు పెరుగుతుందో రాయాలి. పరీక్షలో పైకి, మా గదిలో కిందికి.

మీటింగులో చూపించాల్సిందేమిటో కూడా ఆరోజే తేలిపోయింది.

ఇంటరు సిలబస్సులో ఒక లెక్క ఉంది. అంతరాళంలో రెండు రేఖలు ఒకదాన్నొకటి కలవవు, సమాంతరంగానూ ఉండవు. వాటి మధ్య అతి తక్కువ దూరం ఎంత? దానికొక సూత్రం ఉంది. పిల్లలు దాన్ని బట్టీ కొడతారు, పరీక్షలో దించుతారు, వేసవి సెలవుల్లో మరిచిపోతారు. ఆ రెండు రేఖలను నేను రెండు బోర్లు చేశాను.

మీటింగు రోజు ల్యాబు కిటికీలకు టార్పాలిన్లు కట్టించాం. తల్లులు ముందు వరుసల్లో, తండ్రులు వెనక గోడకు ఆనుకుని. టీ గ్లాసులు తిరుగుతున్నాయి. కరస్పాండెంటు తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. తెర మీద పచ్చగా నేల, దాని మీద దూరదూరంగా రెండు చుక్కలు, చుక్కల నుంచి కిందికి రెండు గీతలు. స్లైడరు దగ్గర ఆ అమ్మాయిని కూర్చోబెట్టాను.

"ఇవి రెండు బోర్లు" అని మొదలుపెట్టాను. "పైన నేల మీద రెండింటికీ శానా దూరం ఉండాది. పాప లోతు పెంచుతాది, చూడండి."

t పెరిగేకొద్దీ గీతలు దిగుతున్నాయి. దిగుతూ దిగుతూ ఒకదాని వైపు ఒకటి ఒరిగాయి. ఒకచోట దగ్గరగా వచ్చి, కలవకుండానే దాటుకుని పోయాయి. ఆ దగ్గర చోట రెండింటి మధ్య చిన్న ఎర్ర గీత మెరిసింది.

"సారూ, బోరు నిట్టనిలువున గదా దిగేది?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

"దిగల్ల. కానీ రాయి తగిలితే పక్కకు ఒరుగుతాది."

నా మాట ముగియకముందే భుజాన తువ్వాలు వేసుకున్న ఒక రైతు ముందుకు వచ్చాడు. గోడ దగ్గర నిలబడిన తెల్లచొక్కా మనిషి వైపు తిరిగాడు. ఇద్దరివీ పక్కపక్క చేలు.

"సూస్తివా? నేను జెప్తే ఇంటివా నువ్వు? నీ బోరు నా చేన్లోకి వచ్చిండాది! నువ్వు ఏసినాంకనే గదా నాది ఎండిపాయె!"

"నాది నీ చేన్లోకి వచ్చెనో, నీదే నా చేన్లోకి వచ్చెనో, లోపల పండుకోని సూసినావాప్పా నువ్వు?" అన్నాడు తెల్లచొక్కా.

"ఇంగా లోపల సూసేదేముండాది, గోడ మీద కనపడతాంటే!"

"ఇప్పుడు ఇద్దరివీ ఎండినవే గదన్నా" అని ముందు వరుసలోంచి ఆ అమ్మాయి తల్లి అంది. "ఎండిన బొక్కలకు కొట్లాటెందుకు?"

గదంతా నవ్వులు. కానీ ఆ ఇద్దరూ నవ్వలేదు, ఒకరి మీదికి ఒకరు వస్తున్నారు. కరస్పాండెంటు కుర్చీలోంచి లేచాడు.

"ఆపండి సారూ, దండం పెడతా! మీటింగు పెట్టమంటే పంచాయితీ పెడితిరే!"

అక్కడ నేను తడబడి ఉంటే నా రెండు పీరియడ్లు ఆ నిమిషంలోనే పోయేవి. నేను తడబడలేదు. గట్ల తగాదాలు తీర్చిన ఇంట్లో పుట్టాను. ఇద్దరు రైతుల మధ్య ఎంత గొంతుతో మాట్లాడాలో నాకు ఎవరూ నేర్పనక్కర లేదు. వాళ్లిద్దరి మధ్యకు వెళ్లి నిలబడ్డాను.

"ఇవి మీ బోర్లు కాదు. కంటికి కనపడల్లని ఒరుగు నేనే ఎక్కువ పెట్టినాను. మీ బోర్లు ఎంత ఒరిగినాయో కొలిచినోళ్లు ఎవురూ లేరు. కొలవకుండా నేను చెప్తే అది అబద్ధం. కొలవకుండా మీరు చెప్పినా అబద్ధమే. కూర్చోండి ఇద్దరూ."

కూర్చున్నారు. తువ్వాలు రైతు కూర్చున్నాక కూడా నన్ను వదల్లేదు. "కొలిస్తే చెప్తావా సారూ?"

"నేనెందుకు? మీ పిల్లోడు ఈ తరగతిలోనే ఉండాడు. వాడే చెప్తాడు."

తెర ఆర్పేయమన్నాను. స్లైడరు దగ్గరున్న అమ్మాయిని బోర్డు దగ్గరికి పిలిచి, ఆ రెండు రేఖల సమీకరణాలు ఇచ్చి, పుస్తకంలోని సూత్రంతో అతి తక్కువ దూరం కట్టమన్నాను. ఆమె మొదటి పంక్తిలో z కిందికి అని రాసింది. తర్వాత ఒక్కో మెట్టూ చేసుకుంటూ పోయింది. టీ గ్లాసులు పట్టుకున్నవాళ్లు తాగడం ఆపేశారు. ఆమె జవాబు రాసి గీత గీశాక తెర మళ్లీ వెలిగించాను. ఎర్ర గీత పక్కన కంప్యూటరు చూపిస్తున్న అంకె, బోర్డు మీద ఆమె రాసిన అంకె ఒకటే.

"పుస్తకంలో ఉన్నది ఇదే" అన్నాను. కరస్పాండెంటు వైపు చూడకుండానే అన్నాను.

"ఇది పరీక్షలో వస్తాదా సారూ?" అని ఒక తల్లి అడిగింది.

"వస్తాది. అప్పుడు నిలువు అక్షం పైకి పెట్టి రాయల్ల, అంతే తేడా."

తువ్వాలు రైతు మళ్లీ లేచాడు. ఈసారి తెల్లచొక్కా వైపు కాదు, తలుపు దగ్గరున్న కరస్పాండెంటు వైపు తిరిగాడు. "ఏమప్పా, ఇది సినిమా అని ఈ రూములోంచి తీసేస్తాండావంట, మా పిల్లోడు చెప్పె. తీసేదానికి లేదు. సినిమా కాదప్పా ఇది, మా చేను."

"ఉండనియ్యండి" అన్నాడు తెల్లచొక్కా. ఆ ఇద్దరూ ఒక మాట మీదకు రావడం వాళ్ల ఊరివాళ్లు చాలా ఏళ్ల తర్వాత చూశారట. తల్లులు కూడా అందుకున్నారు. కరస్పాండెంటు చేతులెత్తి, సరే సరే అన్నాడు.

మాట నిలబెట్టుకున్నాడు. మూడోరోజు నన్ను పిలిచి చెప్పాడు: "రూము మీదే సారూ. పీరియడ్లు ఇంగో రెండు ఎక్కువ తీసుకోండి. కోచింగోళ్లకు మేడ మీద రూమిస్తాండా. కంప్యూటరు మిషన్లు, ప్రొజెక్టరు మాత్రం ఆడికి పోతాయి. వాళ్లకు ముందే చెప్పినా గదా, కాదంటే బాగుండదు. మల్ల ఏడాదికి చూద్దాం."

నేను వాదించలేదు. ఆయన మాట ఇచ్చింది గదికే. గది ఇచ్చాడు.

సంగతి తెలిసి తువ్వాలు రైతు, ఇంకొందరు తల్లిదండ్రులు మా ఇంటికి వచ్చారు. తలా కొంత వేసుకుని మిషన్లు కొందామన్నారు. మనసున్న మాటే. వద్దన్నాను. మా గడపలో చందా ఇచ్చినవాళ్లు ఉన్నారు, పుచ్చుకున్నవాళ్లు లేరు. వాళ్లకు మజ్జిగ ఇచ్చి పంపించి, బెంగళూరులో పాత ఇళ్ల కలప కొనే ఒక వ్యాపారికి ఫోను చేశాను. అతను అంతకు ముందు రెండుసార్లు వచ్చి, మా హాలులోని స్తంభాలను వేలి కణుపుతో తట్టి చూసి, నేను పొమ్మంటే పోయినవాడు.

"కంబాలు పోతే మిద్దెను ఎవురు మోస్తారు?" అని నా భార్య అడిగింది.

"ఇటుకలు మోస్తాయి" అన్నాను.

మరునాడు మేస్త్రీని ఆమే పిలిపించింది.

జూన్‌లో కాలేజీ తెరిచేసరికి ల్యాబులో కొత్త ప్రొజెక్టరు, ఇద్దరికొకటి చొప్పున కంప్యూటర్లు ఉన్నాయి. ఆ అమ్మాయి ఇప్పుడు రెండో సంవత్సరం. కొత్తగా చేరిన పిల్లలకు మొదటి పంక్తి రాయడం తనే నేర్పుతోంది. ఫిజిక్సాయన కూడా ఈమధ్య ఒక పీరియడు అడిగాడు, ఇచ్చాను.

అమ్మినవి హాలులోని ఎనిమిది టేకు కంబాలు, నడిమింటి చెక్కడపు తలుపు.